అమ్మకానికి ముందు కంప్యూటర్: సమాచార నిర్మూలన, ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన - పరిశోధకుల బాధ్యత

వ్యాససంగ్రహం:

పాత కంప్యూటర్‌ను అమ్మేముందు అందులోని ఫైళ్లను తొలగించి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ స్థాపించడం అందరూ చేసే పని. అయితే ఈ రెండు పనులూ జరిగినంత మాత్రాన డిస్క్‌లోని సమాచారం నశించదు. జానపద, భాషా, సాహిత్య పరిశోధకుల కంప్యూటర్లలో సమాచారదాతల పేర్లు, గొంతులు, వారు నమ్మి చెప్పిన విషయాలు ఉంటాయి. అందువల్ల ఇది కేవలం సాంకేతికాంశం కాదు, పరిశోధన నైతికతకు సంబంధించిన అంశం కూడా. తొలగింపు, ఫార్మాట్, పునఃస్థాపన, నిర్మూలన అనే నాలుగు క్రియల మధ్య గల భేదాన్ని, హార్డ్ డిస్క్‌కు, ఎస్.ఎస్.డి.కి వర్తించే వేర్వేరు పద్ధతులను, చెరపడానికి ముందు పాత తెలుగు ఫాంట్లలోని రచనలను కాపాడుకోవలసిన తీరును వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: సమాచార నిర్మూలన, హార్డ్ డిస్క్, ఎస్.ఎస్.డి., గుప్తీకరణ, పునఃస్థాపన, క్షేత్రపరిశోధన, సమాచారదాత, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధనలో కంప్యూటర్ స్థానం గత రెండు దశాబ్దాలలో పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు సిద్ధాంతగ్రంథాన్ని చేతితో రాసి, టైపు చేయించడానికి మాత్రమే డి.టి.పి. కేంద్రానికి వెళ్లేవారు. ఇప్పుడు క్షేత్రపర్యటనలో తీసిన ధ్వనిముద్రణ మొదలుకొని వైవా నాటి ప్రదర్శన వరకు అంతా పరిశోధకుల ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. దానిని ఎక్స్చేంజ్‌లో ఇవ్వడమో, మరమ్మతు దుకాణానికి అమ్మడమో, తరువాత చేరిన విద్యార్థికి తక్కువ ధరకు ఇవ్వడమో జరుగుతుంది.

ఈ మార్పిడి ఇటీవల మరింత పెరగడానికి ఒక స్పష్టమైన కారణం ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగంతోపాటు కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ఈ అర్హతలు లేని యంత్రాలు పనిచేసే స్థితిలో ఉన్నప్పటికీ చేతులు మారుతున్నాయి. యంత్రంతోపాటు ఏమేమి చేతులు మారుతున్నాయన్నదే ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. పరిశోధకుల కంప్యూటర్‌లోని సమాచార స్వభావం:

సాధారణ వినియోగదారు కంప్యూటర్‌లో ఫొటోలు, బ్యాంకు పత్రాలు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి. అవి బయటపడితే నష్టం ప్రధానంగా యజమానిది. పరిశోధకుల, అధ్యాపకుల కంప్యూటర్‌లో వీటికి అదనంగా ఇతరులకు చెందిన సమాచారం ఉంటుంది. దానిని నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది, క్షేత్రసమాచారం. కులపురాణాలు చెప్పే కళాకారులు, స్త్రీల పాటలు పాడినవారు, వలసజీవితాన్ని వివరించినవారు తమ పేరు, ఊరు, వయసు, కులం, ఫోన్ నంబరు చెప్తారు. కొందరు కుటుంబ కలహాలను, ఊరి తగాదాలను కూడా మాటల మధ్యలో చెప్తారు. "ఈ మాట రాయవద్దు" అని ఆపి చెప్పిన సంగతులు కూడా ధ్వనిముద్రణలో ఉండిపోతాయి. రెండవది, విద్యార్థుల సమాచారం. మార్కుల పట్టికలు, ఆధార్ ప్రతులు, కులధ్రువీకరణ పత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఇందులోకి వస్తాయి. మూడవది, ఇతరుల అముద్రిత రచనలు. సమీక్షకు వచ్చిన వ్యాసాలు, దిద్దడానికి ఇచ్చిన సిద్ధాంతగ్రంథ అధ్యాయాలు, కుటుంబాల అనుమతితో ఫొటో తీసుకున్న రాతప్రతులు ఈ విభాగానికి చెందుతాయి. నాలుగవది, బ్రౌజర్‌లో నిలిచిన లాగిన్ వివరాలు. వీటి ద్వారా ఈమెయిల్, క్లౌడ్ నిల్వ, పరీక్షల పోర్టల్ వంటివన్నీ తెరుచుకొనే అవకాశం ఉంది.

సిద్ధాంతగ్రంథంలో పరిశోధకుడు సమాచారదాత పేరుకు బదులు పొడి అక్షరాలు వాడతాడు, ఊరి పేరు మారుస్తాడు. పరిశోధన నైతికత కోరేది అదే. కాని మూల ధ్వనిముద్రణలో ఆ పేరు సమాచారదాత గొంతులోనే వినిపిస్తుంది. గ్రంథంలో దాచిన పేరు డిస్క్‌లో దాగదు. డిస్క్‌ను సరిగా చెరపకుండా అమ్మితే, అచ్చులో నిలబెట్టుకొన్న మాటను అమ్మకంలో తప్పినట్లవుతుంది.

3. తొలగింపు, ఫార్మాట్, పునఃస్థాపన:

తాళపత్రలేఖన పద్ధతి ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. లేఖకుడు గంటంతో ఆకుపై గీసినప్పుడు అక్షరం స్పష్టంగా కనిపించదు. మసి పూసి తుడిచిన తరువాత గీతలో నిలిచిన నలుపు వల్ల అది చదవడానికి వీలవుతుంది. కాలక్రమంలో మసి పోయి అక్షరాలు కనిపించకుండా పోయిన ఆకుకు మళ్లీ మసి పూస్తే పాఠం తేటపడుతుందని రాతప్రతులపై పనిచేసేవారికి తెలుసు. మసి పోవడం వేరు, గీత పోవడం వేరు. కంప్యూటర్‌లో "డిలీట్" అన్న ఆజ్ఞ తుడిచేది మసిని మాత్రమే.

3.1 ఫైల్ తొలగింపు:

డిస్క్‌లో ఫైల్ రెండు చోట్ల ఉంటుంది. దాని పేరు, పరిమాణం, స్థానం ఒక సూచికలో నమోదవుతాయి. విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఈ సూచికను మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. ఫైల్‌లోని అసలు విషయం సాధారణంగా డిస్క్‌లో మరొక చోట ఉంటుంది. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసినప్పుడు సూచికలో ఆ నమోదు "ఖాళీ" అని గుర్తింపబడుతుంది. విషయం ఉన్న చోటు అలాగే ఉంటుంది. కొత్త ఫైల్ వచ్చి అదే చోట రాయబడే వరకు పాత విషయం నిలిచే ఉంటుంది. గ్రంథాలయంలో పుస్తకం కార్డును తీసేసి, పుస్తకాన్ని బీరువాలోనే ఉంచడం వంటిది ఇది.

కార్డు లేకపోయినా బీరువా వెతికి పుస్తకాన్ని పట్టుకొనే పద్ధతులు ఉన్నాయి. ప్రతి ఫైల్ రకానికీ తనదైన ప్రారంభ చిహ్నం ఉంటుంది. జెపెగ్ చిత్రం, పి.డి.ఎఫ్. పత్రం, ధ్వనిఫైల్ ఒక్కొక్కటి నిర్దిష్టమైన బైట్లతో మొదలవుతాయి. ఫొటోరెక్ వంటి ఉచిత ఉపకరణాలు సూచికను పట్టించుకోకుండా డిస్క్ అంతటా ఈ చిహ్నాలను వెతికి ఫైళ్లను తిరిగి కూర్చగలవు. దీనికి ప్రత్యేక ప్రయోగశాల అవసరం లేదు.

3.2 ఫార్మాట్:

ఫార్మాట్ రెండు రకాలు. క్విక్ ఫార్మాట్ కొత్త సూచికను మాత్రమే ఏర్పరుస్తుంది. పాత విషయం దాదాపు అంతా మిగిలి ఉంటుంది. పూర్తి ఫార్మాట్ విండోస్ విస్టా నుంచి ఆ విభాగమంతటా సున్నాలు రాస్తుంది. అంతకుముందు, ఎక్స్‌పీ కాలంలో, పూర్తి ఫార్మాట్ కూడా విషయాన్ని చెరపక, డిస్క్‌లో చెడిన భాగాలను మాత్రమే పరిశీలించేది. అందుకే "ఫార్మాట్ చేశాను" అన్న మాట ఒక్కటే సరిపోదు. ఏ ఫార్మాట్, ఏ విభాగానికి అన్న వివరం ముఖ్యం.

3.3 ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన:

కొత్తగా విండోస్ వేయడం వల్ల డిస్క్‌లో కొంత చోటు మాత్రమే మళ్లీ రాయబడుతుంది. 1 టెరాబైట్ డిస్క్‌లో విండోస్ కొన్ని పదుల గిగాబైట్లు ఆక్రమిస్తుంది. మిగిలిన అధిక భాగం తాకబడదు.

తెలుగు ప్రాంతాలలోని మరమ్మతు దుకాణాల అలవాటు ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. "ఓ.ఎస్. వేయించడం" అంటే అక్కడ సాధారణంగా సి డ్రైవ్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి విండోస్ వేయడం. డి, ఇ డ్రైవ్‌లలోని ఫైళ్లు పోకుండా చూడడం ఆ పనిలో భాగం. యంత్రం బాగుచేయించుకొనేటప్పుడు ఇది మేలు. అందుకే చాలామంది పరిశోధకులు తమ ముఖ్యమైన ఫైళ్లను డి డ్రైవ్‌లో పెట్టుకొంటారు. అమ్మేటప్పుడు అదే అలవాటు కీడవుతుంది. కొత్త విండోస్ తెర కనిపించగానే యంత్రం ఖాళీ అయిందనిపిస్తుంది. కాని పరిశోధన సామగ్రి అంతా డి డ్రైవ్‌లో యథాతథంగా, ఏ ఉపకరణమూ అవసరం లేకుండా తెరుచుకొనే స్థితిలో కొనుగోలుదారుకు చేరుతుంది.

3.4 పాత డిస్క్‌ల పరిశీలన:

ఇది ఊహాత్మక భయం కాదని నిరూపించిన అధ్యయనం 2003లో వెలువడింది. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే పరిశోధకులు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుతున్న కాలంలో 158 పాత హార్డ్ డిస్క్‌లను కొని పరిశీలించారు. వాటిలో 129 పనిచేశాయి. ఆ 129లో సరిగా శుభ్రపరచినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యసంబంధమైన వివరాలు, వ్యక్తిగత లేఖలు బయటపడ్డాయి. ఆ డిస్క్‌లను అమ్మినవారిలో పలువురు వాటిని ఫార్మాట్ చేసే అమ్మారు. లోపం నిర్లక్ష్యంలో మాత్రమే లేదు. "ఫార్మాట్" అన్న పదాన్ని "నిర్మూలన" అనే అర్థంలో గ్రహించడంలోనూ ఉంది.

4. మాధ్యమాన్ని బట్టి నిర్మూలన పద్ధతి:

చెరిపే పద్ధతిని నిర్ణయించేది నిల్వ మాధ్యమం. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ విభాగంలో డిస్క్ పేరుపై నొక్కితే అది హార్డ్ డిస్కో, ఎస్.ఎస్.డి.యో తెలుస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండూ ఉంటాయి. అప్పుడు రెండింటినీ విడివిడిగా చెరపాలి.

4.1 హార్డ్ డిస్క్:

హార్డ్ డిస్క్‌లో సమాచారం తిరిగే పళ్లేలపై అయస్కాంత రూపంలో ఉంటుంది. ఒక చోట కొత్త విలువ రాస్తే పాత విలువ పోతుంది. పీటర్ గుట్‌మన్ 1996లో ప్రకటించిన పరిశోధనపత్రం వల్ల డిస్క్‌ను 35 సార్లు తిరగరాయాలన్న నమ్మకం వ్యాపించింది. ఆ 35 పర్యాయాలు నాటి వేర్వేరు ముద్రణ పద్ధతులన్నింటినీ కలిపి ఉద్దేశించినవని, ఏ ఒక్క డిస్క్‌కూ అవన్నీ అవసరం లేదని గుట్‌మన్ స్వయంగా తరువాత వివరించాడు. నేటి హార్డ్ డిస్క్‌ను ఆసాంతం ఒక్కసారి సున్నాలతో నింపితే ఇలాంటి అమ్మకానికి సరిపోతుంది. అయితే దీనికి సమయం పడుతుంది. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో రాస్తే 1 టెరాబైట్ పూర్తి కావడానికి సుమారు 2 గంటల 45 నిమిషాలు కావాలి. పది నిమిషాలలో "అంతా చెరిపేశాము" అని ఎవరైనా చెప్పితే, ఆ హార్డ్ డిస్క్‌పై సున్నాలు రాయలేదని ఈ లెక్కతోనే గ్రహించవచ్చు.

4.2 ఎస్.ఎస్.డి.:

ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలు ఉండవు. ఫ్లాష్ కణాలలో సమాచారం నిలుస్తుంది. ప్రతి కణమూ పరిమితమైన సార్లు మాత్రమే రాయడానికి పనికివస్తుంది. కనుక అరుగుదల ఒకేచోట పడకుండా, డిస్క్‌లోని నియంత్రకం ప్రతి కొత్త రాతను వేరే కణాలకు మళ్లిస్తుంది. పాత ఫైల్‌పై తిరగరాసినట్లు మనకు కనిపిస్తుంది. నిజానికి కొత్త విషయం మరొక చోట రాయబడి, పాతది కొంతకాలం మిగిలిపోవచ్చు. ఇదికాక, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించని అదనపు స్థలం కూడా ఎస్.ఎస్.డి.లో ఉంటుంది.

ఫైల్ తొలగించినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ "ట్రిమ్" అనే ఆజ్ఞ ద్వారా ఆ చోటు ఇక అక్కరలేదని ఎస్.ఎస్.డి.కి తెలుపుతుంది. అందువల్ల ఎస్.ఎస్.డి.లో తొలగించిన ఫైళ్లను తిరిగి పొందడం హార్డ్ డిస్క్‌లో కంటే కష్టం. కాని కణాలను ఎప్పుడు ఖాళీ చేయాలో నిర్ణయించేది నియంత్రకమే కనుక దీనిని హామీగా పరిగణించలేము. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో దీనిని ప్రయోగపూర్వకంగా చూపారు. హార్డ్ డిస్క్ కోసం రూపొందించిన ఒక్కొక్క ఫైల్‌ను చెరిపే పద్ధతులు ఎస్.ఎస్.డి.పై నమ్మదగినవి కావని, మొత్తం డిస్క్‌ను చెరిపే అంతర్గత ఆజ్ఞలు సరిగా అమర్చినచోట పనిచేస్తాయని, కొన్ని పరికరాలలో ఆ అమరికే లోపభూయిష్టంగా ఉందని వారు తేల్చారు.

కాబట్టి ఎస్.ఎస్.డి.కి తగిన మార్గం దాని అంతర్గత నిర్మూలన ఆజ్ఞను వాడడం. దీనిని సెక్యూర్ ఎరేజ్, శానిటైజ్ అనే పేర్లతో వ్యవహరిస్తారు. తయారీ సంస్థ ఇచ్చే ఉపకరణం ద్వారా, కొన్ని యంత్రాలలో బయోస్ ద్వారా ఈ ఆజ్ఞ ఇవ్వవచ్చు.

4.3 గుప్తీకరణ:

రెండు మాధ్యమాలకూ వర్తించే మరొక మార్గం గుప్తీకరణ. డిస్క్‌లోని సమాచారమంతా ఒక తాళంచెవి ఆధారంగా మార్చి రాయబడుతుంది. ఆ తాళంచెవిని నాశనం చేస్తే మిగిలినది అర్థరహితమైన బైట్ల రాశి. విండోస్‌లో బిట్‌లాకర్, డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఈ పని చేస్తాయి. అయితే గుప్తీకరణ మొదటినుంచీ ఉన్నప్పుడే ఈ రక్షణ పూర్తిగా లభిస్తుంది. అమ్మకానికి ముందురోజు, ఉపయోగంలో ఉన్న స్థలానికి మాత్రమే గుప్తీకరణ చేస్తే, అంతకుముందు తొలగించిన ఫైళ్ల అవశేషాలు గుప్తీకరణకు బయటే ఉండిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్ననాడే గుప్తీకరణ ప్రారంభించడం దానిని అమ్మే రోజుకు చేసుకొనే ఉత్తమమైన ఏర్పాటు. యంత్రం దొంగతనానికి గురైనా అది కాపాడుతుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ 2006లో వెలువరించి, 2014లో సవరించిన మార్గదర్శక పత్రం నిర్మూలనను క్లియర్, పర్జ్, డిస్ట్రాయ్ అనే మూడు స్థాయిలుగా విభజించింది. సాధారణ మార్గాలలో తిరిగి పొందలేకుండా చేయడం మొదటిది. ప్రయోగశాల పద్ధతులకు కూడా అందకుండా చేయడం రెండవది. మాధ్యమాన్నే ధ్వంసం చేయడం మూడవది. ఏ స్థాయి కావాలన్నది యంత్రం ధరను బట్టి కాక, అందులోని సమాచారపు సున్నితత్వాన్ని బట్టి నిర్ణయించాలన్నది ఈ విభజనలోని సారాంశం.

5. చెరపడానికి ముందు: తెలుగు రచనల సంరక్షణ:

నిర్మూలన సరిగా జరిగితే ఏదీ తిరిగి రాదు. అందుచేత ముందు భద్రపరచడం, తరువాత చెరపడం అన్న క్రమం తప్పరాదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే చోట అన్నది ఈ విషయంలో ప్రసిద్ధమైన సూత్రం. సమర్పించిన సిద్ధాంతగ్రంథం శోధగంగలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. అక్కడ ఉండేది తుది గ్రంథం. దానికి ఆధారమైన ధ్వనిముద్రణలు, లిప్యంతరీకరణలు, పాఠభేదాల పట్టికలు పరిశోధకుల వద్దనే ఉంటాయి.

తెలుగు పరిశోధకులకు ప్రత్యేకమైన సమస్య పాత ఫాంట్లది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి రూపం నుంచే స్థానం ఉన్నప్పటికీ, డి.టి.పి. రంగంలో అను వంటి ఫాంట్లు, పేజ్‌మేకర్ చాలాకాలం రాజ్యమేలాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి స్వంత సంకేతం ఉండదు. రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షర భాగాల ఆకారాలు అమర్చబడి ఉంటాయి. ఫాంట్ ఉన్న యంత్రంలో అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంట్ లేని యంత్రంలో అదే ఫైల్ అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. ఆ సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయి, ఫైళ్లు మాత్రమే కొత్త దానికి వస్తే, రచన చేతిలో ఉండీ చదవడానికి వీలులేనిదవుతుంది. ఇది ఆకు మిగిలి లిపి మరచిపోయిన స్థితి.

కనుక పాత యంత్రాన్ని చెరపకముందే మూడు పనులు చేయాలి. ఒకటి, ఆ ఫైళ్లను అదే యంత్రంలో తెరిచి, ఫాంట్ ఇమిడిన పి.డి.ఎఫ్.గా భద్రపరచాలి. దీనివల్ల పుట రూపం నిలుస్తుంది. రెండు, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. పి.డి.ఎఫ్.లో రూపం నిలిచినా, పాత ఫాంట్ పాఠంలో తెలుగు పదాన్ని వెతకడం సాధ్యం కాదు. మూడు, మార్చిన పాఠాన్ని పి.డి.ఎఫ్.తో సరిచూడాలి. మార్పిడి ఉపకరణాలు ఒత్తులను, సంయుక్తాక్షరాలను, అరుదైన అక్షరాలను తప్పుగా మార్చే సందర్భాలు ఉంటాయి. శకటరేఫ, అరసున్న వంటివి ఉన్న ప్రాచీన పాఠాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. కాపీ చేసిన ఫైళ్లను మరొక కంప్యూటర్‌లో తెరిచి చూసేవరకు పాత యంత్రాన్ని ముట్టుకోకూడదు.

6. నిర్మూలన, పునఃస్థాపన క్రమం:

6.1 ఖాతాల నుంచి వైదొలగడం:

బ్రౌజర్లు, ఈమెయిల్, క్లౌడ్ నిల్వ, వాట్సాప్ డెస్క్‌టాప్ వంటివాటి నుంచి లాగౌట్ కావాలి. ఫోన్‌లోని లింక్డ్ డివైసెస్ జాబితాలోంచి ఆ కంప్యూటర్‌ను తీసేయాలి. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాల పరికరాల జాబితాలో కూడా ఈ పని చేయాలి. ఒకే కంప్యూటర్‌కు పరిమితమైన లైసెన్సు గల సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని లైసెన్సును విడిపించుకోవాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ తీసివేయాలి. ప్రతి ఉంచుకొన్న డిస్క్‌నే పొరపాటున చెరపడం ఈ ప్రక్రియలో జరగగల పెద్ద ప్రమాదం.

6.2 విండోస్‌లోని రీసెట్ సౌకర్యం:

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ అనే క్రమంలో వెళ్లి "రీసెట్ దిస్ పీసీ" ఎంచుకోవాలి. అక్కడ "రిమూవ్ ఎవ్రీథింగ్" అన్నదానిని ఎంచుకొన్న తరువాత చాలామంది ముందుకు సాగిపోతారు. అసలు కీలకం తరువాతి "ఛేంజ్ సెట్టింగ్స్"లో ఉంది. "క్లీన్ డేటా" అన్నది అక్కడ ఆన్ చేయకపోతే ఫైళ్ల తొలగింపు మాత్రమే జరుగుతుంది. ఒకటికంటే ఎక్కువ డ్రైవ్‌లు ఉన్నప్పుడు అన్ని డ్రైవ్‌ల ఫైళ్లను తొలగించే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది. అది ఎంచుకోకపోతే డి డ్రైవ్ మిగిలిపోతుంది. ఈ సౌకర్యం గృహవినియోగదారుల కోసం ఉద్దేశించినదని, ప్రభుత్వ, పారిశ్రామిక నిర్మూలన ప్రమాణాలకు సరిపోదని మైక్రోసాఫ్ట్ తన వివరణలోనే పేర్కొన్నది. సున్నితమైన క్షేత్రసమాచారం ఉన్న యంత్రానికి దీనినొక్కదానినే నమ్ముకోకపోవడం మంచిది.

6.3 పెన్‌డ్రైవ్ ద్వారా నూతన స్థాపన:

మరింత నమ్మదగిన మార్గం డిస్క్ మొత్తాన్ని ముందు చెరిపి, తరువాత విండోస్‌ను కొత్తగా స్థాపించడం. ఇందుకు 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఉచితంగా అందించే మీడియా క్రియేషన్ టూల్ చాలు. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను ప్రారంభించి, స్థాపన మొదటి తెరపై షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కితే ఆజ్ఞల తెర వస్తుంది. డిస్క్‌పార్ట్ ఉపకరణంలో "క్లీన్" అన్న ఆజ్ఞ విభాగాల పట్టికను మాత్రమే తీసేస్తుంది. "క్లీన్ ఆల్" అన్న ఆజ్ఞ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఒక్క పదం తేడాలో నిర్మూలన ఉంది. డిస్క్ సంఖ్యను, పరిమాణాన్ని రెండుసార్లు చూసి మాత్రమే ఈ ఆజ్ఞ ఇవ్వాలి. సాగుతున్నంతసేపు ఛార్జర్ తీయరాదు. హార్డ్ డిస్క్‌కు ఇది చక్కని మార్గం. ఎస్.ఎస్.డి.కి పైన చెప్పిన అంతర్గత ఆజ్ఞ మేలు.

తరువాత స్థాపన కొనసాగించవచ్చు. విండోస్‌తో వచ్చిన నేటి ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు యంత్రానికే ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్‌ను స్థాపించి ఇంటర్నెట్‌కు కలిపితే విండోస్ తనంత తానే గుర్తిస్తుంది. కనుక లైసెన్సు పోతుందన్న భయంతో చెరపడం మానుకోనవసరం లేదు. స్థాపన ముగిసి, దేశాన్ని ఎంచుకోమని అడిగే తెర వచ్చినప్పుడు యంత్రాన్ని ఆపివేయాలి. అమ్మేవారు మళ్లీ తమ ఖాతా తెరవకూడదు. కొనేవారు తమ పేరుతో మొదలుపెట్టుకొంటారు. వారు తెలుగు వాడేవారైతే తెలుగు యూనికోడ్ ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే లభిస్తాయి.

6.4 మ్యాక్ యంత్రాలు:

టి2 చిప్, లేదా యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో నిల్వ గుప్తీకృతమై ఉంటుంది. 2021లో వచ్చిన మాంటెరే నుంచి ఈ యంత్రాలలో "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" అన్న సౌకర్యం ఉంది. ఇది తాళంచెవిని నాశనం చేసే పద్ధతి కనుక కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది. "ఫైండ్ మై" సేవ నుంచి యంత్రాన్ని విడిపించకపోతే కొనేవారు దానిని వాడలేరు.

7. ఫలిత పరిశీలన:

చెరిపిన తరువాత పరీక్షించడం ఈ ప్రక్రియలో ఎక్కువగా విస్మరించబడే దశ. డిస్క్‌ను చెరిపి, విండోస్ స్థాపించకముందే ఫొటోరెక్ వంటి ఉపకరణాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. ఏ ఫైలూ దొరకకపోతే పని సరిగా జరిగినట్లు భావించవచ్చు. స్థాపన తరువాత నడిపితే విండోస్‌కు చెందిన చిత్రాలు, పత్రాలు దొరకడం సహజం. అప్పుడు తమ రచనలు, ధ్వనిముద్రణలు ఉన్నాయేమో మాత్రమే వెతకాలి. ఎస్.ఎస్.డి. విషయంలో ఈ పరీక్షకు పరిమితి ఉంది. నియంత్రకం కనబరచని చోటును ఏ ఉపకరణమూ చూడలేదు. అందుకే అక్కడ గుప్తీకరణ, అంతర్గత ఆజ్ఞ రెండూ కలిసి ఉండడం శ్రేయస్కరం.

8. ప్రత్యేక సందర్భాలు:

యంత్రం ఆన్ కాకపోవడం డిస్క్ చెడిపోయిందనడానికి నిదర్శనం కాదు. మదర్‌బోర్డు పోయిన ల్యాప్‌టాప్‌లోని డిస్క్‌ను విప్పి మరొక కంప్యూటర్‌కు తగిలిస్తే అది చక్కగా చదవబడవచ్చు. అలాంటి యంత్రాన్ని డిస్క్ తీసివేసి అమ్మడం ఉత్తమం. ఎస్.ఎస్.డి. మదర్‌బోర్డుకే అతికి ఉన్న నమూనాలలో అది సాధ్యం కాదు కనుక, వాటిని నమోదిత ఇ-వ్యర్థ పునర్వినియోగ కేంద్రానికే ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ కేంద్రాల నమోదును తప్పనిసరి చేశాయి.

కళాశాల, విశ్వవిద్యాలయ నిధులతో కొన్న కంప్యూటర్ అధ్యాపకుని సొత్తు కాదు. స్టాక్ రిజిస్టర్‌లో నమోదైన యంత్రాన్ని సంస్థ నిబంధనల ప్రకారమే వదిలించుకోవాలి. విభాగంలోని పాత యంత్రాలన్నీ ఒకేసారి వేలానికి వెళ్లే సందర్భంలో, ఏ డిస్క్‌ను ఏ పద్ధతిలో, ఏ తేదీన చెరిపారో ఒక పట్టికలో నమోదు చేయడం మంచి సంప్రదాయం. విద్యార్థుల సమాచారం విషయంలో తరువాత ప్రశ్న వస్తే ఆ పట్టికే ఆధారం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఇతరుల సమాచారాన్ని ఉంచుకొన్నవారు దానికి తగిన రక్షణ కల్పించాలని చెప్తున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధానమైన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. పరిశోధనకు, ఆర్కైవ్‌లకు చట్టంలో షరతులతో కూడిన మినహాయింపు ఉన్నది. అయితే సమాచారదాతకు ఇచ్చిన మాట చట్టం కంటే ముందు పుట్టింది. చట్టంలోని మినహాయింపు ఆ మాటకు మినహాయింపు కాదు.

9. ముగింపు:

పై చర్చనుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

- ఫైళ్ల తొలగింపు, క్విక్ ఫార్మాట్, ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన ఈ మూడూ సూచికను మారుస్తాయే తప్ప విషయాన్ని పూర్తిగా నిర్మూలించవు.
- సి డ్రైవ్‌లో మాత్రమే విండోస్ వేసే స్థానిక అలవాటు అమ్మకం సందర్భంలో ప్రమాదకరం. అన్ని విభాగాలనూ చెరపాలి.
- హార్డ్ డిస్క్‌కు ఒకసారి పూర్తిగా సున్నాలు రాయడం, ఎస్.ఎస్.డి.కి అంతర్గత నిర్మూలన ఆజ్ఞ, రెండింటికీ మొదటినుంచి గుప్తీకరణ తగిన మార్గాలు.
- పాత ఫాంట్లలోని తెలుగు పాఠాలను పి.డి.ఎఫ్.గాను, యూనికోడ్‌గాను మార్చి, సరిచూసుకొన్న తరువాతనే యంత్రాన్ని చెరపాలి.
- చెరిపిన డిస్క్‌ను పరీక్షించడం, సంస్థ యంత్రాల విషయంలో నమోదు చేయడం ప్రక్రియలో భాగం కావాలి.

క్షేత్రపరిశోధన పద్ధతులను బోధించేటప్పుడు సమాచారదాతను ఎలా కలవాలి, అనుమతి ఎలా తీసుకోవాలి, ధ్వనిముద్రణ ఎలా చేయాలి అన్నవి చెప్తున్నాము. ఆ ముద్రణ ఉన్న యంత్రాన్ని ఎలా వదిలించుకోవాలన్నది కూడా పి.హెచ్‌డి. కోర్సువర్క్‌లోని పరిశోధన నైతికత పాఠంలో చేరవలసి ఉంది. ఒక మధ్యాహ్నం వెచ్చిస్తే నేర్చుకోగలిగిన పని ఇది. అరుగుమీద కూర్చొని పాట పాడిన మనిషికి తన గొంతు ఏ డిస్క్‌లో ఉందో తెలియదు, తెలుసుకొనే దారీ లేదు. తెలిసినది పరిశోధకునికే కనుక, దానిని కాపాడే బాధ్యతా, అవసరమైనప్పుడు చెరిపే బాధ్యతా పరిశోధకునిదే.